చల్లని బోగీలో సాక్ష్యం చెప్పే దీపాలు

వేసవి రోజులలో ఎ.సి. బోగీలో దూరప్రయాణం చేసిన వారందరికీ ఒక దృశ్యం పరిచితమే. మధ్యాహ్నం వేళ బోగీలో చల్లదనం క్రమంగా సన్నగిల్లుతుంది. పిల్లలు చిరాకుపడతారు. పెద్దలు వార్తాపత్రికను మడిచి విసనకర్రగా వాడుకుంటారు. ఎవరో ఒకరు వెళ్లి మెకానిక్కును వెంటబెట్టుకొని వస్తారు. అతడు గుమ్మం ప్రక్కనున్న ఇనుప బీరువా వంటి పేటిక తలుపు తెరచి, ఏ మీటా నొక్కకుండా, ఏ పనిముట్టూ పైకి తీయకుండా, ఒకటి రెండు నిమిషాలు చూస్తూ నిలబడతాడు. "చూస్తూ నిలబడితే చల్లబడుతుందా?" అని వెనుకనుండి ఎవరో విసుక్కుంటారు.

నిజానికి ఆ రెండు నిమిషాల చూపే అతని పనిలో ముఖ్యభాగం. ఆ తలుపు వెనుక ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులలో వెలుగుతూ ఆరుతూ ఉండే చిన్న దీపాలు కలవు. వాటిని చదవడం నేర్చినవానికి, యంత్రం ఎక్కడ ఆగినదో విప్పి చూడకుండానే చాలవరకు తెలిసిపోతుంది. చదవడం రానివానికి అవి జాతరలోని అలంకరణ దీపాలతో సమానం. ఆసుపత్రిలోనూ, సినిమాహాలులోనూ, శీతల గిడ్డంగిలోనూ, ఎక్కడ పెద్ద వాతానుకూలన యంత్రమున్నా దాని నియంత్రణ పేటికపై ఇటువంటి దీపాలే ఉంటాయి. రైలు బోగీని ఇక్కడ ఉదాహరణగా తీసుకొనడానికి కారణమున్నది. బోగీలో ఆ యంత్రం ఆగిన యెడల పోయేది చల్లదనం ఒక్కటే కాదు. మూడంతస్తుల ఎ.సి. బోగీలో 72 బెర్తులుంటాయి. కిటికీ అద్దాలు బిగించి ఉంటాయి. ఆపత్సమయంలో తెరచుకొనే కిటికీలు నాలుగైనా ఉంటాయి గాని, నడుస్తున్న బండిలో రోజువారీ గాలికోసం వాటిని తెరవరు. కాబట్టి ఊపిరి పీల్చుకొనే తాజా గాలి కూడా ఆ యంత్రం ద్వారానే లోపలికి రావాలి. గుండెజబ్బుగల వృద్ధులకూ పసికందులకూ అది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

మన దేశంలో రైలుపెట్టెను చల్లబరచే ప్రయత్నం మంచుగడ్డలతో మొదలైనది. బొంబాయి, పెషావరుల మధ్య నడిచిన ఫ్రాంటియర్ మెయిలులో 1934లో ఒక పెట్టెను ఈ విధంగా చల్లబరచారు. పెట్టె అడుగున పేర్చిన మంచుగడ్డలమీదుగా గాలిని ఊది లోపలికి పంపేవారు. మంచు కరిగినకొద్దీ దారిలోని స్టేషన్లలో కొత్త గడ్డలను నింపేవారు. ఆ ఏర్పాటులో దీపాలతో పనిలేదు. మంచు ఉన్నదా, కరిగినదా అని వంగి చూస్తే సరిపోయేది. ఆ కాలపు జ్ఞాపకం ఒకటి నేటికీ లెక్కలలో మిగిలియున్నది. చల్లబరచే శక్తిని ఇప్పటికీ 'టన్నులు'గానే కొలుస్తున్నారు. అమెరికా తూకం ప్రకారం ఒక టన్ను, అనగా సుమారు 907 కిలోల మంచు, 24 గంటలలో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకొంటుందో అదే ఒక టన్ను శీతలీకరణం. ఈనాటి బోగీ కప్పుమీద రెండు యంత్రాలుంటాయి. ఒక్కొక్కటి సుమారు 7 టన్నులది. ఆ రెండూ చేసే పనిని మంచుతోనే చేయదలిస్తే ఒక్క బోగీకి రోజుకు 12 వేల కిలోలకు పైగా మంచు కావలసి వచ్చేది.

తరువాతి కాలంలో వచ్చిన శీతలీకరణ యంత్రాలను చాలాకాలం బోగీ అడుగుభాగానే బిగించేవారు. బండి ఆగినప్పుడు మెకానిక్కు క్రిందికి దిగి, వంగి, చేతితో తాకి, చెవితో విని, నూనె మరకలను చూసి లోపాన్ని కనిపెట్టే అవకాశముండేది. 1990ల నుండి యంత్రాలు కప్పుమీదికి చేరినవి. పట్టాలనుండి లేచే దుమ్ము, బురదల బెడద దానితో తగ్గినది. యంత్రాన్ని మొత్తంగా క్రేనుతో దించి వేరొకటి పెట్టుకొనే వీలు కూడా కలిగినది. కాని అదే మార్పు మెకానిక్కు కన్నునూ చేతినీ యంత్రానికి దూరం చేసినది. కప్పుకు కొద్ది ఎత్తులోనే 25,000 వోల్టుల విద్యుత్ తీగ సాగిపోతూ ఉంటుంది. ఆ తీగలో సరఫరా నిలిపి, దానిని భూమికి కలిపి, అనుమతిపత్రం చేతికి వచ్చిన తరువాతగాని ఎవరూ పైకెక్కరాదు. దారిమధ్యలో, పది నిమిషాలు ఆగే స్టేషనులో, అది జరిగే పని కాదు. కాబట్టి బండి బయలుదేరిన చోటునుండి గమ్యం చేరేవరకు కప్పుమీద ఏమి జరుగుతున్నదో చెప్పగల సాక్షులు గుమ్మం ప్రక్కనున్న ఆ దీపాలే.

దీపాలను చదవవలెనంటే యంత్రం పనిచేసే వరుసను ముందుగా తెలిసికొనవలె. కప్పుమీది ప్రతి యంత్రంలో లోపలి గాలిని త్రిప్పే బ్లోయరు ఒకటి, వేడిని బయటకు విసిరివేసే కండెన్సరు ఫ్యానులు రెండు, శీతలవాయువును నొక్కే కంప్రెసర్లు రెండు ఉంటాయి. బోగీలోని వేడిని పీల్చుకొని ఆవిరైన వాయువును కంప్రెసరు నొక్కి, వేడిచేసి, కండెన్సరులోకి పంపుతుంది. అక్కడ బయటిగాలికి ఆ వేడిని ఇచ్చివేసి అది తిరిగి ద్రవమవుతుంది. చాలాకాలం వాడుకలోనున్న ఆర్-22 అనే వాయువునే తీసుకొంటే, 5 డిగ్రీల సెల్సియస్ వద్ద అది మరగడానికి వాతావరణ పీడనానికి దాదాపు 6 రెట్ల పీడనం చాలును. 60 డిగ్రీల వద్ద ద్రవం కావడానికి సుమారు 24 రెట్లు కావలె. మే నెలలో బయట 45 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు, వేడి బయటకు పోవాలంటే వాయువు అంతకంటె బాగా వేడిగా ఉండవలసినదే. అందుచేత వేసవి మధ్యాహ్నాలలో ఆ గొట్టాలలోని పీడనం ప్రమాదపు అంచుకు దగ్గరగానే నడుస్తూ ఉంటుంది. ఓజోను పొరకు హాని చేస్తున్న కారణాన ఆర్-22 క్రమంగా తొలగిపోతున్నది. దాని స్థానంలో వచ్చిన ఆర్-407సి వంటి వాయువుల విషయంలోనూ సూత్రం ఇదే.

ఈ భాగాలన్నీ ఒక్కసారిగా మేల్కొనవు. మొదట బ్లోయరు తిరగవలె. లోపల గాలి కదలకుండా చల్లబరచడం మొదలుపెడితే కాయిల్ మీద మంచు గడ్డకట్టుతుంది. ఆ తరువాత కండెన్సరు ఫ్యానులు తిరగవలె. వేడి బయటకు పోయే దారి తెరవకుండా కంప్రెసరును నడిపితే క్షణాలలో పీడనం పెచ్చుపెరుగుతుంది. చివరకు, కొంత వ్యవధి తరువాత, కంప్రెసర్లు ఒకదాని వెనుక ఒకటిగా ప్రారంభమవుతాయి. ప్రతి మెట్టుదగ్గర ముందుమెట్టు పూర్తి అయినదని రుజువు దొరికితేనే నియంత్రణ పేటిక తరువాతి ఆజ్ఞ ఇస్తుంది. ప్రతి మెట్టుకూ ఒక దీపం.

పంటకాలువను ఎరిగిన వారికి ఈ ఏర్పాటు సులభంగా బోధపడుతుంది. ఒకే పిల్లకాలువమీద వరుసగా నాలుగు తూములున్నవనుకొందాం. నాలుగవ పొలానికి నీరు రాలేదు. రైతు చెరువునుండి పొలందాకా కాలువ పొడవునా త్రవ్వి చూడడు. రెండవ తూము దగ్గర నీరున్నదా? ఉన్నది. మూడవదాని దగ్గర? లేదు. గండి ఆ రెంటి నడుమనే. దీపాల పని కూడా అంతే. ఏ భాగం చెడినదో అవి చెప్పవు. ఆజ్ఞ ఎంతవరకు ప్రయాణించి ఎక్కడ నిలిచిపోయినదో చెబుతాయి. చివరగా వెలిగిన దీపానికీ, మొదటగా వెలగని దీపానికీ నడుమ వెదకవలె. లోపాన్వేషణలో సగం శ్రమ ఈ ఒక్క నియమంతో తప్పుతుంది.

అన్నిటికంటె ముందు చూడవలసినవి సరఫరా దీపాలు. ఎల్.హెచ్.బి. తరహా బోగీలకు ఇంజనునుండిగాని, బండి చివరనున్న జనరేటరు పెట్టెనుండిగాని 750 వోల్టుల త్రిఫేజు విద్యుత్తు వస్తుంది. బోగీలోని ట్రాన్స్‌ఫార్మరు దానిని 415 వోల్టులకు దించుతుంది. మూడు ఫేజులకు మూడు దీపాలు: ఎరుపు, పసుపు, నీలం. ఇక్కడే క్రొత్తవారు తరచుగా పొరబడుతూంటారు. ఈ వరుసలోని ఎరుపు ప్రమాద చిహ్నం కాదు. అది ఒక ఫేజు పేరు మాత్రమే. ఆ ఎర్రదీపం వెలగకపోవడమే ప్రమాదం. అదే పేటికలో, ఒక జానెడు దూరంలో, లోపాల వరుసలో వెలిగే ఎరుపు మాత్రం నిజమైన హెచ్చరిక. ఒకే రంగు ఒకచోట శుభవార్త, మరొకచోట అశుభవార్త. రంగును చూసిగాక, దీపమున్న స్థానాన్నీ దానిక్రింది పేరునూ చూసి చదువవలెనని పెద్ద మెకానిక్కులు చెప్పే మాటకు కారణం ఇదే. ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేసి చూడలేని దృష్టిలోపం కొందరికి పుట్టుకతోనే ఉంటుంది గనుక, ఈ సలహా వారికి మరింత అవసరం.

మూడు దీపాలలో ఒకటి ఆరిపోయి తక్కిన రెండూ వెలుగుతున్నచో, ఒక ఫేజు పోయినదని మొదటి అనుమానం. త్రిఫేజు మోటారు రెండు ఫేజులమీదనే నడవడానికి ప్రయత్నిస్తే తిరగలేక మూలుగుతుంది, లేదా అధిక ప్రవాహం లాగి చుట్టలు మాడ్చుకొంటుంది. ఫేజులు మూడూ ఉండి వాటి వరుస తారుమారైతే మరొక చిక్కు. అప్పుడు మూడు దీపాలూ చక్కగా వెలుగుతాయి. మోటార్లు మాత్రం ఎదురుదిక్కుగా తిరుగుతాయి. కండెన్సరు ఫ్యాను ఎదురు తిరిగితే గాలి కూడా ఎదురుదిక్కుకే పోతుంది. బ్లోయరు స్వభావం వేరు. డప్పు ఆకారంలోని ఆ బ్లోయరు ఎటు తిరిగినా గాలిని ఒకే దిక్కుకు తోస్తుంది, కాని బలహీనంగా. అందుచేత 'బ్లోయరు నడుస్తున్నది' అనే దీపం వెలుగుతున్నా, గాలి జాలీకి చేయి అడ్డుపెట్టి చూడనిదే నమ్మరాదు. ఫేజుల వరుసను కనిపెట్టే ప్రత్యేకమైన రిలే ఉన్న పేటికలలో దానికి మరొక దీపం ఉంటుంది.

ఇప్పుడు ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. ఢిల్లీనుండి దక్షిణానికి వచ్చే బండి నాగపూరు దాటి బల్హార్షా వైపు సాగుతున్నది. మే నెల, మధ్యాహ్నం మూడుగంటలు. ఆ చంద్రపూరు ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు అరుదు కావు. బోగీలో ఒక కొసన చల్లగానే ఉన్నది, రెండవ కొసన ఉక్కగా ఉన్నది. పేటిక తెరిస్తే సరఫరా దీపాలు మూడూ వెలుగుతున్నవి. రెండవ యంత్రం వరుసలో బ్లోయరు దీపం, కండెన్సరు దీపం వెలుగుతున్నవి. కంప్రెసరు దీపాలు వెలగలేదు. లోపాల వరుసలో 'అధిక పీడనం' అనే ఎర్రదీపం వెలుగుతున్నది.

అనుభవం లేనివాడు వెంటనే రీసెట్ మీట నొక్కుతాడు. కంప్రెసరు మళ్లీ బయలుదేరుతుంది, ప్రయాణికులు సంతోషిస్తారు, పది నిమిషాలలో మళ్లీ ఆగుతుంది. మళ్లీ నొక్కుతాడు. ఈ విధంగా నాలుగైదు పర్యాయాలు జరిగిన తరువాత ఆ దీపం ఇక వెలగదు, కంప్రెసరూ కదలదు. లోపలి చుట్టలు మాడిపోయి ఉంటాయి. ఈ కంప్రెసర్లు పూర్తిగా మూసివేసిన డబ్బాలవంటివి. విప్పి బాగుచేయడానికి వీలులేదు, మార్చవలసినదే. ఒక కాయిల్ కడిగితే పోయే దోషం యంత్రాన్నే బలిగొన్నదన్నమాట. అధిక పీడనపు కట్-అవుటు సాధారణంగా తనంతట తాను సర్దుకొనకుండా, చేతితో సరిచేయవలసిన విధంగా అమర్చబడి ఉండుటలోని ఉద్దేశ్యమే ఇది: ఒక మనిషి వచ్చి కారణం ఆలోచించిన పిమ్మటనే అది కదలాలి. ఆలోచన లేకుండా నొక్కితే ఆ ఏర్పాటు వృథా.

చదవగలిగినవాడు ఇట్లా ఆలోచిస్తాడు. కండెన్సరు దీపం వెలుగుతున్నది గనుక ఫ్యానులకు ఆజ్ఞ అందినది. పీడనం పెరిగినదంటే వేడి బయటకు పోవడం లేదు. ఫ్యాను నిజంగా తిరుగుతున్నదా? కప్పుమీదికి ఎక్కి చూడలేడు. కాని ఆ ఫ్యానులు లాగే విద్యుత్ ప్రవాహం అమ్మీటరులో కనబడుతుంది. ఒక ఫ్యాను ఆగిపోయి ఉంటే ప్రవాహం తగ్గియుంటుంది. ప్రవాహం సరిగానే ఉన్న యెడల కాయిల్ దుమ్ముతోనో, పీచుతోనో, ఎండుటాకులతోనో పూడుకుపోయి ఉండవచ్చును. రెండు కంప్రెసర్లలో ఒకదానినే నడిపితే అదే కండెన్సరు ఏర్పాటుమీద భారం తగ్గుతుంది; పీడనం హద్దులో ఉంటుంది; బోగీ పూర్తిగా చల్లబడకపోయినా గాలి ఆడుతుంది, ఎండ తగ్గేవరకు రోజు గడుస్తుంది. దీపం చెప్పిన మాటను విన్నందువల్ల దొరికిన పరిష్కారమిది. ప్రయాణికుల దృష్టిలో ఇతడు అసమర్థుడుగా కనిపించవచ్చును, ఎందుకంటే బోగీ పూర్తిగా చల్లబడలేదు. రీసెట్ నొక్కుతూ పోయినవాడు పది నిమిషాలపాటైనా మెప్పు పొందుతాడు!

'అల్ప పీడనం' దీపం కథ వేరు. వాయువు ఎక్కడో కారిపోయి తగ్గియుండవచ్చు. కాని అంతకంటె చులకనైన కారణాలు మొదట చూడవలె: లోపలి గాలి ఫిల్టరు మురికిపట్టి మూసుకుపోవడం, కాయిల్ మీద మంచు కట్టడం, బ్లోయరు నెమ్మదించడం. వీటన్నిటి ఫలితం ఒక్కటే. పీల్చుకొనడానికి వేడి అందక వాయువు పీడనం పడిపోతుంది. ఫిల్టరు తీసి దులపడం నడిచే బండిలో చేయగలిగిన పని. గ్యాసు నింపడం కాదు.

ఇంతకంటె చిక్కైన సందర్భం మరొకటి ఉన్నది. లోపాల దీపమేదీ వెలగలేదు. కంప్రెసరు దీపం నిక్షేపంగా వెలుగుతున్నది. చల్లదనం మాత్రం లేదు. ఇక్కడ దీపం అబద్ధమాడుతున్నదా? లేదు. మనమే దాని మాటను అపార్థం చేసికొంటున్నాము. చాలా పేటికలలో ఆ దీపం కంప్రెసరుకు కాక, కంప్రెసరును కలిపే కాంటాక్టరుకు వెళ్లే ఆజ్ఞకు జతచేయబడి ఉంటుంది. అనగా అది చెప్పేది 'కంప్రెసరు తిరుగుతున్నది' అని కాదు, 'తిరగమని ఆజ్ఞ ఇచ్చితిని' అని. ఆజ్ఞ ఇచ్చినవాడు సాక్ష్యం చెబుతున్నాడు, పని చేసినవాడు కాదు. కాంటాక్టరు ముక్కులు కాలి అతుక్కొనకపోవచ్చు, కప్పుమీదికి పోయే కేబులు తెగిపోవచ్చు, కంప్రెసరు లోపలి ఉష్ణరక్షణ మీట తెరచుకొని ఉండవచ్చు. ఇవన్నీ దీపానికి అవతలి వైపున ఉన్నవి. కాబట్టి ఏ దీపాన్నైనా చూడగానే వేయవలసిన ప్రశ్న: ఇది ఎక్కడ కలపబడినది? సర్క్యూటు పటంలో దాని స్థానం తెలియకుండా దాని వెలుగుకు అర్థం లేదు. పేటిక తలుపు లోపలివైపు ఆ పటాన్ని అతికించే ఆచారం ఇందుకోసమే ఏర్పడినది.

దీపమే చెడిపోయే సంగతి కూడా మరువరాదు. పాత పేటికలలోని తీగ బల్బులు కుదుపులకు తెగిపోయేవి. యంత్రం బాగానే ఉండగా దీపం ఆరిపోయి లేని అనుమానాన్ని రేకెత్తించేది. ప్రక్కనున్న వెలిగే బల్బును తీసి అక్కడ పెట్టి చూడడం ఆనాటి సులభోపాయం. నియాన్ బల్బుల దోషం ఇందుకు విరుద్ధం. వాటికి అతిస్వల్ప ప్రవాహం చాలును. ప్రక్కతీగనుండి ప్రేరితమైన విద్యుత్తుకే మినుకుమంటూ, సరఫరా లేని తీగలో ఉన్నదన్నట్లు భ్రమింపజేస్తాయి. ఈనాటి ఎల్.ఇ.డి. దీపాలు ఏళ్ల తరబడి మన్నుతాయి. 1962లో అమెరికాలో నిక్ హొలోనియాక్ కంటికి కనిపించే ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని తయారుచేసిన నాటినుండి ఇవి క్రమంగా బల్బుల స్థానాన్ని ఆక్రమించినవి. కాని ఎల్.ఇ.డి.లో ప్రవాహం ఒకే దిక్కుకు సాగుతుంది. పాత తరహా బోగీలలో బ్యాటరీనుండి వచ్చే 110 వోల్టుల డి.సి. సరఫరాకు దానిని తలక్రిందులుగా కలిపితే, సరఫరా నిండుగా ఉన్నా వెలగదు. అన్ని దీపాలనూ ఒక్కసారిగా వెలిగించి చూసే పరీక్ష మీట ఉన్న పేటికలో, ప్రయాణారంభంలో దానిని ఒకసారి నొక్కి చూడడం అర నిమిషపు పని. ఏ సాక్షి మూగవాడో ముందే తెలిసియుంటుంది.

మైక్రోప్రాసెసరు పేటికలు వచ్చిన తరువాత దీపాల భాష కొంత విస్తరించినది. ఒక చిన్నదీపం సెకనుకొకసారి చొప్పున మినుకుతూ ఉంటుంది. అది ప్రాసెసరు నాడి. ఆగి వెలిగినా, ఆగి ఆరినా ప్రాసెసరు స్తంభించినదని అర్థం. లోనికి వచ్చే సంకేతాలకు ఒక వరుస, బయటకు పోయే ఆజ్ఞలకు మరొక వరుస దీపాలుంటాయి. ఈ రెండు వరుసలూ కలిసి చిక్కును మూడు ముక్కలు చేస్తాయి. లోనికి రావలసిన సంకేతపు దీపం వెలగకపోతే దోషం బయటి స్విచ్చిలోనో, దాని తీగలోనో ఉన్నది. సంకేతాలన్నీ వచ్చియుండి ఆజ్ఞ దీపం వెలగకపోతే, లోపలి గడియారం వ్యవధి ఇంకా ముగియలేదేమో చూసి, ఆ తరువాతనే పేటికను అనుమానించవలె. ఆజ్ఞ దీపం వెలిగి పని జరగకపోతే దోషం కాంటాక్టరునుండి మోటారు వరకు ఎక్కడో ఉన్నది. ఇండ్లలోని ఎ.సి. యంత్రాలలోనూ ఒకే దీపం కొన్నిసార్లు మినికి, విరామమిచ్చి, మళ్లీ మినికే పద్ధతి ఉన్నది. ఆ మినుకులను లెక్కపెట్టి, యంత్రంతో వచ్చిన పుస్తకంలోని పట్టికతో పోల్చుకోవలె. ఒక కంపెనీ యంత్రంలో మూడు మినుకులకున్న అర్థం మరొక కంపెనీ యంత్రంలో ఉండదు; పొరుగింటివారి పట్టిక మనకు పనికిరాదు.

లోపలి గడియారం సంగతి కొంత వివరించవలె. ఆగిన కంప్రెసరు వెంటనే బయలుదేరరాదు. ఒకవైపు అధిక పీడనం, మరొకవైపు అల్ప పీడనం ఉండగా బయలుదేరడానికి మోటారు ప్రయాసపడి అధిక ప్రవాహం లాగుతుంది. రెండువైపులా పీడనం సమానమయ్యేవరకు కొద్ది నిమిషాలు ఆపియుంచే ఏర్పాటు పేటికలో ఉంటుంది. ఇంజనునుండే బోగీలకు విద్యుత్తు తీసుకొనే బండ్లలో దీని ప్రభావం స్పష్టంగా కనబడుతుంది. పైతీగ అంతటా ఒకే ఫేజు విద్యుత్తు ఉండదు. వేర్వేరు ఫేజుల భాగాల నడుమ, కొన్ని పదుల కిలోమీటర్లకొకచోట, విద్యుత్తు లేని చిన్న ఖాళీ భాగం ఉంటుంది. ఇంజను దానిని దాటేటప్పుడు సరఫరా కొన్ని క్షణాలు నిలిచిపోతుంది. ఆ క్షణంలో కంప్రెసరు దీపాలు ఆరుతాయి. సరఫరా వెంటనే తిరిగి వచ్చినా అవి కొద్ది నిమిషాలవరకు వెలగవు. ఇది లోపం కాదు, యంత్రం పాటించే సంయమనం. ఈ నడుమనే ఎవరో తొందరపడి ప్రధాన స్విచ్చిని ఆపి మళ్లీ వేస్తే, గడియారం మొదటికి వచ్చి నిరీక్షణ ఇంకా పొడిగింపబడుతుంది.

కన్యాకుమారినుండి జమ్మూ ప్రాంతానికి నడిచే హిమసాగర్ ఎక్స్‌ప్రెస్ వంటి బండ్లలో ఈ దీపాల వరుసలోనే దేశపు శీతోష్ణస్థితి కనిపిస్తుంది. డిసెంబరు నెలలో కేరళ దాటేటప్పుడు కంప్రెసరు దీపాలు వెలుగుతూ ఉంటాయి. తిరుపతి, నెల్లూరు, విజయవాడ, వరంగల్లు మీదుగా ఉత్తరానికి పోయినకొద్దీ అవి ఆరి ఉండే సమయం పెరుగుతుంది. బ్లోయరు దీపం ఒక్కటే మిగులుతుంది. పంజాబు చలిరాత్రులలో హీటరు దీపం వెలుగుతుంది. ఆ హీటరుకు బ్లోయరుతో గట్టి ముడి వేయబడి ఉంటుంది. గాలి కదలనిదే హీటరు ఎర్రబడితే అగ్నిప్రమాదం. అందుచేత హీటరు దీపం వెలిగి బ్లోయరు దీపం ఆరియున్నట్లు ఎప్పుడైనా కనబడితే, ఏది నిజమో తరువాత తేల్చుకోవచ్చును. ముందు హీటరు సరఫరా ఆపివేయవలె. పేటికలో ఆలోచనకంటె ముందు చేయి కదలవలసిన సందర్భం ఇదొక్కటే. అయితే 415 వోల్టులున్న ఆ పేటికలో ప్రయాణికులు చేయి పెట్టరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇటువంటి బండి మూడురోజుల ప్రయాణంలో అనేక రైల్వే మండలాలగుండా సాగుతుంది. కప్పుమీది యంత్రాన్ని విప్పి చూసేవారు గమ్యంలోని డిపోలోనో, సికింద్రాబాదు సమీపంలోని లాలాగూడా, తిరుపతి వంటి చోట్లనున్న కర్మాగారాలలోనో ఉంటారు. దారిలో దీపాలను చూసినవాడు వేరు, యంత్రాన్ని తెరచేవాడు వేరు. ఇద్దరి మాతృభాష ఒకటి కావలసిన నియమం లేదు. వారి నడుమనున్న లంకె లాగ్ పుస్తకంలోని ఒకటి రెండు పంక్తులే. 'ఎ.సి. పనిచేయలేదు' అని వ్రాస్తే డిపోలోని మనిషికి ఏమీ తెలియదు. డిపోకు చేరేసరికి చల్లని తెల్లవారుజామై ఉంటుంది. ఆ వాతావరణంలో యంత్రం చక్కగా నడుస్తుంది. దోషమేమీ లేదని వ్రాసి పంపివేస్తాడు. అదే బోగీ మరునాటి మధ్యాహ్నం మళ్లీ ఉడికిపోతుంది. దానికి బదులు 'రెండవ యంత్రం, మధ్యాహ్నం 3 గంటలు, బ్లోయరు, కండెన్సరు దీపాలున్నవి, అధిక పీడనం దీపం వెలిగినది, రీసెట్ ఒకసారి, తరువాత ఒక కంప్రెసరుతో నడిపితిమి' అని వ్రాసియుంటే, తెల్లవారుజామున యంత్రం ఎంత బుద్ధిగా నడిచినా అతడు మోసపోడు. సరఫరా నిలిపిన తరువాత కప్పెక్కి, నీటిగొట్టం తిన్నగా రెండవ యంత్రపు కండెన్సరువైపు త్రిప్పుతాడు.